చలి ఎవరికి, కిటికీ ఎవరిది?

2024 జనవరిలో నేనూ, మా ఇంటావిడా ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో మా అమ్మాయి ఇంట్లో ఆరు వారాలు ఉండి వచ్చాము. అమ్మాయి అక్కడ ఆసుపత్రిలో నర్సు. అల్లుడుగారు ఒక గిడ్డంగిలో లెక్కలు చూస్తారు. ఇద్దరూ అప్పు చేసి కొనుక్కున్న ఇల్లు నూరేళ్ళు దాటిన ఎర్ర ఇటుకల ఇల్లు. ఒక రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "నాన్నా, నువ్వు ముప్పై ఐదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాడివి. ఇది చూసి, ఈ ఖర్చు పెట్టవచ్చో కూడదో చెప్పు" అన్నది.

అది కిటికీలు మార్చడానికి ఒక కంపెనీవారు ఇచ్చిన అంచనా. ఇంటికి ఉన్న 9 కిటికీలకూ పాత ఒంటి అద్దాలు తీసివేసి జంట అద్దాలు, అంటే అక్కడివారు డబుల్ గ్లేజింగ్ అనేవి, బిగించడానికి 7,200 పౌండ్లు. అప్పటి మారకంలో సుమారు ఏడున్నర లక్షల రూపాయలు. డబ్బు వారి దగ్గర ఉన్నది. అయితే అది గుంటూరులో మా మేడమీది రేకుల గది తీయించి స్లాబు వేయించడానికని వాళ్ళు మూడేళ్ళుగా మా కోసం కూడబెడుతున్న డబ్బు.

లెక్కల ప్రశ్నే కదా అని కళ్ళజోడు పెట్టుకున్నాను. అది లెక్కతో తేలే ప్రశ్న కాదని తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మనకు కిటికీ అంటే గాలి కోసం, వెలుతురు కోసం. ఇల్లు కట్టేటప్పుడు ఎదురెదురుగా కిటికీలు పెట్టమని మేస్త్రికి చెబుతాము. గాలి రావడమే మనకు సుఖం. ఆ దేశంలో జనవరి నెలలో కిటికీ అంటే డబ్బు పెట్టి కొన్న వేడి బయటికి పోయే దారి. లోపల 18 డిగ్రీలు, బయట 3 డిగ్రీలు ఉన్నప్పుడు రెండు చదరపు మీటర్ల ఒంటి అద్దం గుండా ఇంచుమించు 150 వాట్ల వేడి పోతూనే ఉంటుంది. అంటే మన పాతకాలపు సీలింగు ఫ్యాన్లు రెండు రాత్రింబగళ్ళు తిరిగితే కాలే కరెంటంత. జంట అద్దాల కిటికీలో రెండు అద్దాల నడుమ వేలెడు వెడల్పైనా లేని సందు ఉంటుంది. అందులో ఆర్గాన్ అనే వాయువు నింపి అంచులు మూసివేస్తారు. ఒక అద్దానికి కంటికి కనబడని పలుచని లోహపు పూత వేస్తారు. ఆ పూత లోపలి వేడిని లోపలికే తిప్పి పంపుతుంది. ఇంగ్లండులో 2022 జూన్ నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రమాణానికి సరిపోయే కొత్త కిటికీ అయితే, అదే చలిలో 150 వాట్లకు బదులు 42 వాట్లే పోతాయి. వస్తువు మంచిదే. అందులో సందేహం లేదు.

మరి ధర? ఆ ఇంటికి ఏడాదికి గ్యాసు బిల్లులో ఎంత మిగులుతుందో లెక్క వేశాను. ఎంత ఉదారంగా వేసినా 150 పౌండ్లు దాటలేదు. 7,200ను 150 చేత భాగించండి, 48 ఏళ్ళు. ఆ జంట అద్దాల అంచుల బిగింపు ఇరవై, పాతికేళ్ళు నిలిస్తే గొప్ప. ఆ తరువాత లోపలికి తేమ చేరి అద్దం మసకబారుతుంది, మళ్ళీ మార్చవలసిందే. పెట్టిన డబ్బు తిరిగి రాకముందే వస్తువు కాలం తీరిపోతుంది. పైగా ఆ 7,200లో 1,200 పౌండ్లు పన్ను. సందులు మూసే పట్టీలు పనివారిచేత వేయించుకుంటే 2022 ఏప్రిల్ నుండి 2027 మార్చి వరకు పన్ను లేదని ఆ దేశ ప్రభుత్వం చెప్పింది గాని, జంట అద్దాలను ఆ జాబితాలో చేర్చలేదు.

అంచనా వేయడానికి వచ్చిన మనిషి ఈ వారంలోనే సంతకం పెడితే బాగా తగ్గిస్తానన్నాడట. వారం దాటితే పెరిగే ధర అసలు ధర కాదు. అక్కడ 2013లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇంటికి వచ్చి చేయించుకున్న ఒప్పందాన్ని 14 రోజుల లోపల మానుకోవచ్చునని కూడా తెలిసింది. అయితే కొలతలు తీసి ప్రత్యేకంగా చేయించే వస్తువులకు ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. కనుక సంతకానికి ముందే ఆలోచించుకోవాలి.

మర్నాడు పొద్దున్నే చెప్పాను. "అమ్మా, ఇది నష్టం బేరం. డబ్బు అలాగే ఉంచుకో." చెబుతున్నప్పుడు నా మనసులో స్లాబు ఉన్నది. ఆ జవాబు నాకు లాభమైనది కాబట్టి అది మరింత నిజమనిపించింది. ఈ మాట దాచితే తక్కినదంతా చెప్పి ప్రయోజనం లేదు.

పక్కనే బఠాణీలు ఒలుస్తున్న మా ఇంటావిడ తల ఎత్తకుండానే అడిగింది. "మరి ఆ సోఫా ఎన్నేళ్ళకు తిరిగి వస్తుందండీ?"

నేను మాట్లాడలేదు. ఆ సోఫా 1,400 పౌండ్లని అల్లుడుగారు అంతకు ముందే చెప్పారు. దానికి ఎవరూ లెక్క కట్టలేదు. టీవీకి కట్టలేదు. మన దగ్గర పెళ్ళి విందుకు కట్టము, గృహప్రవేశానికి కట్టము. విలాసానికి ఖర్చు పెట్టేటప్పుడు 'ఇష్టం' అంటాము. అవసరానికి ఖర్చు పెట్టవలసి వచ్చినప్పుడే 'తిరిగి ఎంత వస్తుంది' అని అడుగుతాము. ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. దానిని ఒక్క అవసరం దగ్గర మాత్రమే అడగడంలో ఏదో తప్పున్నది. వెచ్చదనం ఒక పెట్టుబడి అయితే దాని మీద వడ్డీ చూడాలి. కాని పసివాడు నిద్రపోయే గదిలో వెచ్చదనం పెట్టుబడి కాదు. అన్నం మీద వడ్డీ ఎవరు చూస్తారు?

అసలు విషయం నాలుగవ రోజు రాత్రి తెలిసింది. మేడమీద వెనుక గదిలో ఒక కుర్రవాడు అద్దెకు ఉంటున్నాడు. ఖమ్మం వైపు నుండి పై చదువుకు వచ్చినవాడు. మా ఇంటావిడ పులిహోర చేసి, "ఆ పిల్లాడికి కాస్త ఇచ్చి రండి" అని నన్ను పంపింది. తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. కోటు వేసుకుని, నెత్తిన ఉన్ని టోపీ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని చదువుకుంటున్నాడు. ఉత్తరం వైపు కిటికీ. అద్దం నిండా నీళ్ళు కారుతున్నాయి. కింది చెక్క మీద తువ్వాలు పరిచి ఉన్నది. పై మూలన గోడకు నల్లటి బూజు. "చలిగా లేదా బాబూ?" అంటే, "పరవాలేదు అంకుల్, అలవాటైపోయింది" అన్నాడు.

మర్నాడు రాత్రి మనుమడి గదిలోని చిన్న థర్మామీటరు తీసుకెళ్ళి అతని గదిలో అరగంట ఉంచాను. 13 డిగ్రీలు. కింద మేము కూర్చున్న హాలులో 20. ఇళ్ళలో 18 డిగ్రీలకు తగ్గకుండా ఉండడం ఆరోగ్యానికి క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిన మాట అమ్మాయికి తెలుసు. ఆమె నర్సు గదా. తెలిసి కూడా ఆ గదిలోకి రాత్రిపూట వెళ్ళలేదు. వెళ్ళవలసిన పని ఏమున్నది?

ఇందులో ఎవరూ చెడ్డవారు కారు. ఆ కుర్రవాడు ఇచ్చే అద్దెలోనే గ్యాసు, కరెంటు కలిసి ఉంటాయి. బిల్లు కట్టేది మావాళ్ళు. అందువల్ల రాత్రి తొమ్మిదింటికి బాయిలరు ఆపేస్తారు. అల్లుడుగారు దానిని పొదుపు అనుకున్నారు. మాకు హాలులో గ్యాసు పొయ్యి ఉన్నది గనుక మాకు పొదుపే. ఆ పొదుపు పైగదిలో చలిగా మారుతున్నది. అంచనా కాగితం మళ్ళీ తీసి చూశాను. డబ్బు చాలకపోతే ముందువైపు కిటికీలు మొదట, వెనుకవైపువి తరువాత అని రాసి ఉన్నది. ముందువైపు వీధి ఉన్నది, వచ్చినవారు చూస్తారు. వెనుకవైపు చలి ఉన్నది.

అప్పుడు నాకు తెలిసింది, నేను వేసిన లెక్కలో తప్పెక్కడో. భాగహారం సరిగానే ఉన్నది. డబ్బు ఇచ్చేవాడికి ఎంత తిరిగి వస్తుందని మాత్రమే అడిగాను. చలి ఎవరికి పుడుతున్నదని అడగలేదు. చాలా ఇళ్ళలో ఈ ఇద్దరూ వేరు వేరు మనుషులు. కిటికీ ఒకరిది, చలి మరొకరిది.

ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో 1696లో కిటికీల మీద పన్ను వేశారు. ఎన్ని కిటికీలుంటే అంత పన్ను. ఎక్కువ కిటికీలున్నవాడు ధనవంతుడు గనుక ఇది న్యాయమని వారి ఆలోచన. కాని అనేక పేద కుటుంబాలు కాపురముండే పెద్ద అద్దె ఇళ్ళకు కూడా ఆ పన్ను పడింది. యజమానులు కిటికీలను ఇటుకలతో మూయించారు. మిగిలిన డబ్బు యజమానిది, చీకటి, ఉక్క, రోగం అద్దెకున్నవాడివి. ఆ పన్ను 1851 వరకు సాగింది. అప్పుడు మూసిన కిటికీలు కొన్ని నేటికీ పాత ఇళ్ళ గోడలమీద కనబడతాయి.

పోనీ అది పాతకాలమనుకుందాం. 2020 డిసెంబరులో అదే దేశంలో రోచ్‌డేల్ అనే ఊళ్ళో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు చనిపోయాడు. అద్దె ఇంట్లో గోడలకు పట్టిన బూజును చాలాకాలం పీల్చడం వల్ల శ్వాసకోశం దెబ్బతిని చనిపోయాడని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ ఇంట్లో గాలి ఆడే ఏర్పాటు చాలినంత లేదు. తండ్రి అంతకు ముందే మొరపెట్టుకున్నాడు. ఆ బాబు పేరుతో పిలిచే చట్టం 2023లో వచ్చి, 2025 అక్టోబరు నుండి సామాజిక గృహాల యజమానులకు అమలులోకి వచ్చింది. బాధ కలిగించే గది ఎవరి పేరున ఉన్నది, ఎవరి ఊపిరితిత్తులలో ఉన్నది అన్న తేడా ఎంత దూరం పోగలదో చూడండి. వెనుక గది మూలన నేను చూసిన బూజు గుర్తుకు వచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీనికి ఎదురు చెప్పేవారు ఉంటారు. మా అల్లుడుగారే చెప్పారు. "మామయ్యగారూ, గది చూసుకునే వచ్చాడు కదా. ఇష్టం లేకపోతే వేరే చోటుకు వెళ్ళవచ్చు. పైగా నేను వేలు పోసి కిటికీ పెట్టిస్తే అద్దె పెంచక తప్పదు. అప్పుడు అతనే ఉండలేడు." ఇందులో రెండు మాటలున్నాయి. రెంటికీ బలముంది. మొదటి దానికి నాకు తోచిన జవాబు ఇది. ఆ కుర్రవాడు చలిని ఎంచుకోలేదు. ఖమ్మంలో తండ్రి చేసిన అప్పుకు సరిపడే అద్దెను ఎంచుకున్నాడు. ఒప్పుకోవడం వేరు, ఇష్టపడడం వేరు. రెండవ మాటకు నా దగ్గర తేలిక జవాబు లేదు. మెరుగుపరచిన గది నుండి పేదవాడు వెళ్ళిపోవడం లోకంలో రోజూ జరిగేదే. అద్దె పెంచకుండా చేస్తేనే అది అతనికి చేసినట్లు. పెంచితే మన గదికి మనం చేసుకున్నట్లు. కాబట్టి నిజమైన ధర 7,200 పౌండ్లు కాదు. తిరిగి రాబట్టుకోకుండా ఎంత భరించగలమన్నదే నిజమైన ధర. అది చిన్న మొత్తమైనా సరే.

ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో సరిగ్గా ఈ చలి ప్రస్తావన ఉన్నది. ఖర్చు పెట్టగల స్తోమత ఉండి కూడా ఇంట్లో వేడి తగ్గించి, మందపు బట్టలు వేసుకునే మనిషిని ఆయన మెచ్చుకున్నారు. నేను అల్లుడుగారి పక్షాన ఈ మాటనే అమ్మాయికి గుర్తు చేయబోయి ఆగిపోయాను. స్తోమత ఉండి తాను వేసుకున్న స్వెట్టరు సుగుణం. తప్పక పక్కవాడు వేసుకున్న స్వెట్టరు మన సుగుణం కానేరదు. మనం తగ్గించుకోవలసింది మన గది వేడిని. మేడమీద గది వేడిని తగ్గించి పొదుపరులమని చెప్పుకోకూడదు.

చివరికి ఏమి చేశారో చెబుతాను. 9 కిటికీలూ మార్చలేదు. ఉత్తరం వైపున్న రెండే మార్చారు. ఒకటి ఆ కుర్రవాడి గదిది, ఒకటి మనుమడి గదిది. రెండిటికీ 1,800 పౌండ్లయింది. పైభాగాన గాలి పోవడానికి సన్నని చీలిక ఉన్న కిటికీలే పెట్టించారు. ఎందుకంటే చలిని మూసే తొందరలో గాలిని కూడా మూసివేస్తే తేమ లోపలే నిలిచి బూజు పెరుగుతుంది. ముందువైపు ఏడు కిటికీలకు చవకైన పనులు చేశాము. 2008లో గ్లాస్గో కాలెడోనియన్ విశ్వవిద్యాలయంవారు పాత కిటికీల మీద చేసిన పరీక్షలలో, మందపు తెరలు వేస్తే అద్దం గుండా పోయే వేడి 14 శాతం, చెక్క తలుపులు మూస్తే 51 శాతం తగ్గిందని తేలింది. పాత కిటికీని కదపకుండా లోపలివైపు మరో అద్దపు తలుపు బిగిస్తే 63 శాతం తగ్గింది. అల్లుడుగారూ నేనూ రెండు ఆదివారాలు కూర్చుని సందులకు రబ్బరు పట్టీలు అంటించాము. హాలు కిటికీలకు లోపలివైపు ప్లాస్టిక్ అద్దాలు బిగించాము. మా ఇంటావిడ తెరలు కుట్టింది. అంతా కలిపి 400 పౌండ్లు. బాయిలరు ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఆపుతున్నారు. అద్దె పెంచలేదు.

వెనుక గది కిటికీ బిగించిన రాత్రి అమ్మాయే థర్మామీటరు పట్టుకుని పైకి వెళ్ళింది. 17 డిగ్రీలు. "ఇంకా ఒకటి తక్కువే నాన్నా" అన్నది. బయలుదేరే రోజున ఆ థర్మామీటరు నా సంచిలో పెట్టింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

గుంటూరు చేరాక అది అలమరలో ఉండిపోయింది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఏదో వెదుకుతుంటే చేతికి తగిలింది. మా మేడమీది రేకుల గదిలో ఇద్దరు విద్యార్థులు అద్దెకుంటారు. అంతకు రెండేళ్ళ ముందు అక్కడ ఉన్న ఒక కుర్రవాడు, "సార్, మధ్యాహ్నం ఉండలేకపోతున్నాము" అంటే, "గుంటూరులో వేడి కాక చలి ఉంటుందా నాయనా" అని నవ్వాను. పడమటి గదిలో మాకు ఏసీ ఉన్నది. ఇల్లు కట్టి ఇరవై ఏళ్ళయినా మే నెల మధ్యాహ్నం రెండింటికి నేను ఆ గదిలోకి ఎన్నడూ వెళ్ళలేదు.

ఆ రోజు వెళ్ళాను. కుర్రవాళ్ళిద్దరూ లేరు. ఎండ తగ్గేదాకా గ్రంథాలయంలోనే ఉంటారని తరువాత తెలిసింది. థర్మామీటరు 41 చూపించింది. మంచం మీద తడి తువ్వాలు ఆరిపోయి అట్టలా ఉన్నది. లీడ్స్‌లో కిటికీ కింద పరిచిన తువ్వాలు నాకు కనబడింది.

స్లాబు డబ్బులో మిగిలిన 5,000 పౌండ్లు అమ్మాయి పంపింది. స్లాబుకు అది చాలదు, ఇంకా పోగు చేస్తున్నాము. ఈలోగా రేకుల మీద రెండు పూతలు తెల్లటి చలువ రంగు వేయించి, కింద థర్మోకోల్ సీలింగు కొట్టించాను. తరువాతి వేసవిలో అదే వేళకు 36 చూపించింది. సరిపోదని నాకు తెలుసు. స్లాబు పడ్డాక అద్దె పెంచాలని మూడేళ్ళ క్రితం నేనే అమ్మాయికి ఉత్సాహంగా రాసిన ఉత్తరం గుర్తున్నది. ఇప్పుడు ఏమి చేయాలో ఇంకా మా ఇంట్లో మాట్లాడుకుంటూనే ఉన్నాము.

మన విచారణల్లో మేడమీద గది అద్దెకిచ్చినవారు చాలామంది ఉన్నారు. పని అమ్మాయి పడుకునే వరండా, పెద్దవాళ్ళకు కేటాయించిన వెనుక గది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఇల్లు బాగుచేయించాలని మీరు ఈ ఏడాది అంచనా రాయించుకుంటూ ఉంటే, మేస్త్రిని పిలవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో అందరికంటే తక్కువగా అడిగే మనిషి ఏ గదిలో ఉంటున్నారో, ఆ గదిలో, అన్నిటికంటే కష్టమైన వేళ, ఒక అరగంట కూర్చుని రండి. తరువాత లెక్క వేయండి.